వంటగట్టు కింద మడతబందు

నేను ఒక మడతబందును. మీరు తలుపు రంగు గురించి మాట్లాడుకుంటారు, దాని పిడి గురించి మాట్లాడుకుంటారు. నన్ను మాత్రం కిర్రుమన్నప్పుడే తలుచుకుంటారు. నాకూ అలవాటైపోయింది లెండి.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో రేకును కోసి, వంచి, నడుమ చువ్వ దూర్చి నన్ను తయారుచేశారు. హార్డ్‌వేర్ షాపులో కొన్నాళ్లు దుమ్ము తిన్నాను. తరవాత ఒక వడ్రంగి నన్ను తెచ్చి, కాకినాడలో రాంభద్రం ఇంట్లో, వంటగట్టు కింద అలమర తలుపుకి బిగించాడు. పైన నేను, కింద నా జోడు, లోపల పప్పుల డబ్బాలు. ఇంతకన్నా గొప్ప బతుకు నేను ఆశించలేదు.

రాంభద్రం తల్లి తాయారమ్మగారు నిలబడి కూర తరగరు. "నిలబడి తరిగితే అదేం కూరే, హోటల్లోలాగా" అంటారు. కత్తిపీట వాల్చుకుని, నా ఎదురుగా నేల మీద కూర్చుని, బెండకాయలో వంకాయలో తరుగుతారు. కూర్చోవడం బాగానే కూర్చుంటారు. లేవడమే కష్టం. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, తలుపు అంచు పట్టుకుని లేస్తారు. ఆవిడ బరువంతా నా మరల మీద పడుతుంది.

అందుకే నేను వదులైపోతూ ఉండేదాన్ని. ఆదివారం రాగానే రాంభద్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్రత్యక్షమయ్యేవాడు. మర ఊరికే తిరిగేది తప్ప పట్టేది కాదు, కన్నం పెద్దదైపోయింది మరి. అందులో అగ్గిపుల్లలు కుక్కి, జిగురు పోసి, మళ్లీ బిగించేవాడు. "ఇంక చచ్చినా ఊడదు" అనేవాడు. పై ఆదివారం కూడా అదే మాట. నేరం మాత్రం భార్య హైమ మీద పెట్టేవాడు.

"ఆ కవర్ల సంచి తలుపుకి తగిలించొద్దని చెప్పానా లేదా?"

కొట్లలో ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లు దాచుకునే సంచి అది. దాని బరువెంత? హైమ విసుక్కుంటూ సంచి తీసేసింది. తాయారమ్మగారు తల వంచుకుని కొత్తిమీర బాగుచేసుకుంటూ ఉండిపోయారు. నాకు ఆవిడ మీద కోపమే వచ్చింది.

ఒకరోజు దొండకాయలు తరగడం అయ్యాక ఆవిడ లేవబోతుంటే, నా మరలన్నీ ఊడొచ్చాయి. తలుపు పక్కకి ఒరిగిపోయింది. ఆవిడ నేల మీద చతికిలబడ్డారు. చప్పుడు విని హైమ పరుగెత్తుకొచ్చింది.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"లేదే. తలుపు దానంతటదే ఊడింది."

హైమ ఆవిడ చేతి వంక చూసింది. వేళ్లు ఇంకా తలుపు అంచును వదల్లేదు.

"మోకాళ్లు ఎప్పట్నించి ఇలా ఉన్నాయి?"

"వాడితో అనకే" అన్నారు తాయారమ్మగారు. "తెలిస్తే నన్ను వంటింట్లోకి రానివ్వడు. కుర్చీలో కూర్చుని పొద్దస్తమానం టీవీ చూడమంటాడు. నావల్ల కాదే."

హైమ ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపింది.

సాయంత్రం రాంభద్రం ఇంటికొచ్చి, వేలాడుతున్న తలుపు చూశాడు. "మళ్లీ సంచి తగిలించావా?"

"తగిలించాను" అంది హైమ. "కొత్త బందులు వేయించండి. పనిలో పనిగా ఈ పక్క గోడకి స్టీలు కడ్డీ ఒకటి వేయించండి, చేతిగుడ్డ ఆరేసుకోడానికి. ఇదిగో, ఇంత ఎత్తులో."

"అంత కిందనా? గుడ్డ నేలకి రాసుకోదూ?"

"రాసుకోనీండి."

రాంభద్రం హైమ చూపించిన చోటు చూశాడు. దాని పక్కనే గోడకి చేరేసి ఉన్న కత్తిపీట చూశాడు. పెన్సిల్ తెచ్చి ఆ చోట గోడ మీద గుర్తు పెట్టాడు.

అలా నా ఉద్యోగం ఊడింది. మీరు దేన్నీ ఓ పట్టాన పారేయరు కదా, ఎప్పుడో పనికొస్తానని నన్నూ ఒక పాత బిస్కెట్ డబ్బాలో వేసి అదే అలమరలో పెట్టారు. డబ్బాకి మూత లేదు. తలుపు తీసినప్పుడల్లా నాకు వంటిల్లు కనిపిస్తుంది. తాయారమ్మగారు ఇప్పుడు ఆ కడ్డీ పట్టుకుని లేస్తారు. లేచే ముందు అటూ ఇటూ చూడడం మానేశారు.

ఆదివారం రాంభద్రం స్క్రూడ్రైవర్‌తో వస్తూనే ఉన్నాడు. కొత్త బందుల జోలికి పోడు. కడ్డీని రెండు చేతులా పట్టుకుని, తన బరువంతా వేసి లాగి చూస్తాడు. చేతిగుడ్డ ఏదని మాత్రం ఇంతవరకూ అడగలేదు.