కొత్తగా ఏమీ జరగలేదు

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు గ్లోరియా కంప్యూటర్ ఆగిపోయింది.

కరెంటు పోయినట్టు ఆగలేదు. తెర వెలుగుతూనే ఉంది, మౌస్ కదులుతోంది. రాసింది సేవ్ చేయబోతే మాత్రం డిస్కు మీద రాయడానికి వీల్లేదని వచ్చింది. మళ్లీ నొక్కితే ఆ మాట కూడా రాలేదు. పదిహేను రోజులుగా ఇదే వరస. ఆపి వేస్తే ఒక్కోసారి అసలు డిస్కే లేదంటుంది. మూడు నాలుగు సార్లు వేస్తే గానీ లేవదు.

వంటింట్లో ఆమె అత్త సువార్త కింద పడిన రెండు గ్లాసులు ఏరి, కడిగి, మళ్లీ గోడకున్న చెక్క మీద బోర్లించింది.

వాళ్ల ఇల్లు గోదావరిఖని శివారులో ఉంది. ఓపెన్‌కాస్టు బొగ్గు గని నుంచి తీసిన మట్టి గుట్టలు పెరట్లోంచి కనిపిస్తాయి. గ్లోరియా భర్త శాంతిరాజ్ ఆ గనిలోనే మట్టి మోసే డంపర్ నడుపుతాడు. గ్లోరియా ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదానికి పని చేస్తుంది. డిగ్రీ పాఠాల వీడియోలు ఒంటి గంటకు వస్తాయి. మాటలు విని, తెర అడుగున కనిపించే తెలుగు వరుసలు రాసి, ఐదింటికల్లా పంపాలి. అంతకు ముందు ఆమె ప్రైవేటు బడిలో టీచరు. అత్తకు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఒకరు ఉండాల్సి వచ్చి మానేసింది. ఇంట్లో ఉండి చేసే పని కోసం ఏడాది వెతికితే ఇదొక్కటి దొరికింది.

ఆ రోజు పాఠం ఆరు గంటలు దాటాక వెళ్లింది. వెంటనే దీప ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఆమెకు పని ఇచ్చే మనిషి దీప.

"గ్లోరియా గారూ, రోజూ మూడింటికే ఎందుకు ఆగుతుందండీ మీ కంప్యూటరు? అన్నం తిని కునుకు తీస్తుందా?"

"నిజంగనే ఆగుతున్నది మేడమ్."

"పోయిన వారం ఒకసారి, ఇవాళ ఒకసారి. ఇంకొక్కసారి ఆలస్యమైతే మీ పేరు తీసేయమంటున్నారు పైవాళ్లు. నేను ఆపలేను, ముందే చెప్తున్నా."

కంప్యూటర్ పాతది. మూతబడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చుకున్నది. కొత్త విండోస్‌ను అది మోయలేకపోతే, గ్లోరియా చిన్నమ్మ కొడుకు దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి ఇచ్చాడు. ఏ చిక్కు వచ్చినా ఇక్కడ అడుగు అక్కా అని ఆమెను ఫోన్‌లో ఒక చాట్ గ్రూపులో చేర్చి, ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాడు. లినక్స్ వాడే తెలుగువాళ్ల గ్రూపు అది. ఎవరికి ఇబ్బంది వచ్చినా అందులో రాస్తారు, తెలిసినవాళ్లు తీరిక చేసుకుని చెప్తారు. చెప్పినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. గ్లోరియా అందులో చేరి రెండేళ్లయింది, ఏనాడూ ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం మొదటిసారి రాసింది. కంప్యూటర్ పనిచేస్తలేదు, ఎవరన్న చెప్పుండ్రి, అని.

మొదట పలికినవాడు భూపాల్. వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటాడు.

"పనిచేస్తలేదు అంటే మాకేం సమజైతది అక్క? దవాఖానకు పోయి పాణం బాగలేదు అంటే డాక్టర్ ఏం రాస్తడు? ఏం చేసిన్రు, ఏం కనవడ్డది, ఎన్నింటికి ఆగింది, అన్ని రాయుండ్రి."

గ్లోరియా ఊరి పేరుతో సహా అన్నీ రాసింది. కాసేపటికి కాకినాడ నుంచి యమున అనే ఆవిడ వచ్చింది. ఒక ఆఫీసులో సర్వర్లు చూడడం ఆమె ఉద్యోగం.

"ముందు మీ పని కాపాడుకోండి. పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టి, ఐదు నిమిషాలకోసారి రాసింది అందులో వేస్తూ ఉండండి. జబ్బేమిటో నిదానంగా చూద్దాం. ఈ పదిహేను రోజుల్లో కొత్తగా ఏమైనా జరిగిందా అండి? కొత్త ప్రోగ్రాము, కొత్త వస్తువు, ఏదైనా మార్పు?"

గ్లోరియా ఆలోచించింది. పదిహేను రోజుల్లో జరిగినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది.

"లేదండి. కొత్తగ ఏం జరగలే."

కంప్యూటర్ తనలో జరిగేవన్నీ ఒక చోట రాసుకుంటుంది. యమున చెప్పిన కమాండ్ కొట్టి గ్లోరియా ఆ రాతలు తీసి గ్రూపులో పెట్టింది. ప్రతిరోజూ మూడు దాటిన కాసేపటికి రాత తెగిపోయి ఉంది. ఎందుకు ఆగిందో ఒక్క ముక్క లేదు.

"రాసుకునే డిస్కే చేజారితే ఎక్కడ రాసుకుంటుంది పాపం," అంది యమున.

సువార్త మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది.

"ఎవలు బిడ్డా వాళ్లు?"

"తెల్వదు అత్తమ్మ. ఒకామెది కాకినాడ, ఒకాయనది వరంగల్."

"మొఖం తెల్వనోళ్లు ఊకెనే ఎందుకు జెప్తున్నరు?"

"వాళ్లకు ఇంకెవరో చెప్పి ఉంటరు. మన చర్చోళ్లు దవాఖానకు పోయి ఎవరినివడితే వాళ్లను పలకరించి రారా, గట్ల."

"మేం పండ్లు వట్టుకపోతం," అంది సువార్త. "వీళ్లు నిన్ను సదువుమంటున్నరు."

బుధవారం గ్లోరియా పని తీసుకోలేదు. ఒంట్లో బాగా లేదని దీపకు చెప్పి, భూపాల్ చెప్పినవన్నీ చేస్తూ కూర్చుంది. రోజూ మూడింటికి తనంతట తానే నడిచే ప్రోగ్రాము ఏదైనా ఉందేమోనని వెతికించాడు. లేదు. ఎండకు వేడెక్కుతుందేమో చూడమన్నాడు. అదీ కాదు. మూడు దాటి పది నిమిషాలకు కంప్యూటర్ ఎప్పటిలాగే ఆగింది.

"ఇగ ఫికర్ లేదు, దొరికింది," అని రాశాడు భూపాల్. "అది కరెంటు అక్క. మూడింటికి మీ దిక్కు గనులల్ల షిఫ్టు మారుతది. ఎన్ని మోటర్లు బందైతయో, ఎన్ని షురువైతయో. వోల్టేజి ఎగిరి దుంకుతది. ఇంట్ల స్టెబిలైజర్ ఉన్నదా?"

"ఫ్రిజ్‌కు ఉన్నది."

"తీసి కంప్యూటర్‌కు పెట్టుండ్రి. ప్లగ్గు బోర్డు గూడ మార్చుండ్రి."

ఫ్రిజ్ కంటే కంప్యూటర్ ఎక్కువైందా అని సువార్త అడిగింది. అడుగుతూనే వైరు పట్టుకుంది.

గురువారం పొద్దున్నుంచి ముసురు. మధ్యాహ్నానికి ఉరుములు మొదలయ్యాయి. మూడయింది, మూడున్నర అయింది, నాలుగయింది. కంప్యూటర్ ఆగలేదు. నాలుగున్నరకే పాఠం హైదరాబాద్ చేరింది. గ్లోరియా గ్రూపులో ఆ సంగతి రాయగానే బొటనవేళ్లు వరుసగా లేచాయి.

"చూసిన్రా, మన చెయ్యి వడితే గట్లుంటది," అన్నాడు భూపాల్.

యమున మాత్రం వేలు ఎత్తలేదు. "ఒక్కరోజు జ్వరం రాకపోతే మలేరియా పోయిందనుకుంటామా అండి? రేపు ఈ కమాండ్ వేసి, కమాండ్లు కొట్టే ఆ నల్ల పెట్టెను తెర మీద అలాగే ఉంచండి. లోపల ఏం జరిగినా అప్పటికప్పుడు అందులో కనబడుతుంది. ఆగిన వెంటనే ఫోన్‌తో ఫొటో తీసి పంపండి. తీరా అది ఆగకపోతే మరీ మంచిది."

శుక్రవారం గ్లోరియా దీపకు ఫోన్ చేసి కంప్యూటర్ బాగైందని చెప్పింది. దీప సంతోషించి ఒకటికి రెండు పాఠాలు పంపింది. రెండూ ఐదింటికే.

మొదటిది రెండున్నరకు అయిపోయింది. రెండోది సగంలో ఉంది. నల్ల పెట్టె తెర మూలన తెరిచే ఉంది. ఫోన్ పక్కనే ఉంది. మూడింటికి యమున పలకరించింది.

"ఎలా ఉందండి మీ పేషెంటు?"

గ్లోరియా జవాబు రాస్తుండగా సైరన్ మోగింది. వంటింట్లోంచి సువార్త పిలిచింది. "బిడ్డా, నాకు అందుతలేదు."

"ఒక్క నిమిషం అండి, గిన్నెలు దించి వస్త," అని రాసి గ్లోరియా వంటింట్లోకి వెళ్లింది. పచ్చడి జాడీ కింద పెట్టింది. గాజు సీసా అత్త చేతికిచ్చింది. చెక్క మీద వరుసగా ఉన్న గ్లాసులకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. నేల ఒక్కసారి ఊగింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. పైకప్పు నుంచి సన్నగా మట్టి రాలింది. జాడీని మళ్లీ పైన పెట్టి ఆమె తిరిగి వచ్చింది.

నల్ల పెట్టెలో మూడు ఎర్ర వరుసలు ఉన్నాయి. ఫొటో తీసి పంపింది.

"డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య లింకు తెగిందని ఉంది," అంది యమున. "మూడు గంటల ఏడు నిమిషాలకు. అప్పుడు మీరేం చేస్తున్నారండి?"

"కంప్యూటర్ ముట్టుకోలే అండి. వంటింట్ల ఉన్న."

"గిన్నెలు దించుతానన్నారు."

"అవునండి."

"ఎందుకు దించారు?"

"పడతయి కదండి."

"ఎందుకు పడతాయండి?"

గ్లోరియా ఆ ప్రశ్న రెండోసారి చదివింది.

"బ్లాస్టింగ్ అండి."

వెంటనే భూపాల్ వచ్చాడు.

"ఏం బ్లాస్టింగ్ అక్క?"

"బొగ్గు మీది బండ పగలగొట్టనీకి మందు పెట్టి పేలుస్తరు. షిఫ్టు మారే యాళ్లకు. సైరన్ కొడ్తరు, ఇల్లు ఊగుతది, అయిపోతది."

"రోజూనా?"

"ఆయితారం ఉండది. ఆయితారం మేం కంప్యూటర్ పెట్టం, చర్చికి పోతం."

"మూడు దినాల సంది నేను మీ ఇంటి కరెంటు ఎన్కవడి తిరుగుతున్న. గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా అక్క?"

"కొత్తగ ఏమన్న జరిగిందా అని అడిగిన్రు అన్న. ఇది నేను పెండ్లయి వచ్చినకాంచి ఉన్నదే."

యమున మధ్యలో వచ్చింది. "అన్నేళ్లుగా ఉన్నది పదిహేను రోజుల కిందటే ఎందుకు మొదలైందో అది చెప్పండి. కంప్యూటర్ డబ్బా ఎప్పుడైనా విప్పారా?"

"నెలకోసారి విప్పుతనండి."

"నెలకోసారా?"

"బొగ్గు దుమ్ము వడ్తది. బ్రష్‌తోని దులపకపోతే ఫ్యాన్ తిరగది. మా దగ్గర టీవీ గూడ దులుపుతం."

"మొన్న దులిపినప్పుడు డిస్కు బయటికి తీశారా?"

"తీసిన. పదిహేను దినాలైతది. దానికి రెండే స్క్రూలు ఉండె. ఒకటి జారి కింద వడ్డది, దొరకలే. ఒకదానితోనే పెట్టిన."

"ప్లగ్గు తీసేసి డబ్బా విప్పండి," అంది యమున.

గ్లోరియా విప్పింది. డిస్కు ఒక వైపు స్క్రూకు వేలాడుతోంది. వేలితో తాకితే ఊగింది. దాని వెనక దూర్చిన కేబుల్ కొస సగం బయటికి వచ్చి ఉంది. ఫొటో పంపింది. కేబుల్‌ను రెండు కొసల దగ్గరా టక్కుమనేదాకా నొక్కమనీ, డిస్కు కదలకుండా బిగించమనీ యమున రాసింది. స్క్రూ దొరకకపోతే రబ్బరు ముక్కలు దూర్చినా చాలంది.

గ్లోరియా బల్ల కిందికి వంగి చీపురుతో వెతుకుతుంటే సువార్త గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"స్క్రూ అత్తమ్మ. నల్లది, చిన్నది."

"గదా? మొన్న ఊడుస్తుంటే దొరికింది. గుండీల డబ్బల ఏసిన."

"నాకు చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి."

స్క్రూ బిగించి, సైకిల్ ట్యూబు ముక్క మడిచి డిస్కు కింద దూర్చి, గ్లోరియా డబ్బా మూసింది. కంప్యూటర్ మొదటిసారికే లేచింది. డిస్కును తనంతట తాను తనిఖీ చేసుకుని తెర ఇచ్చింది. పెన్‌డ్రైవ్‌లో పాఠం ఉంది. చివర రాసిన నాలుగు వరుసలే పోయాయి. అప్పటికి నాలుగవుతోంది.

శాంతిరాజ్ డ్యూటీ దిగి వచ్చాడు. గ్లోరియా తల ఎత్తకుండానే అడిగింది.

"నిన్న బ్లాస్టింగ్ అయిందా?"

"నిన్ననా? ఏడిది? ఉరుములు ఉరిమె గద. ఉరుములుంటే మందు వెట్టరు. ఎందుకు, నిన్న కొంప ఊగకపోతే నిద్ర వట్టలేదా?"

ఆమె ఆ మాట గ్రూపులో రాసింది. గురువారం బ్లాస్టింగ్ జరగలేదట, అని.

"అయితే నా చెయ్యి ఏం లేదన్నట్టు," అన్నాడు భూపాల్.

"స్టెబిలైజర్ ఫ్రిజ్‌కు తిరిగి పెట్టుకోవచ్చా అన్న? అత్తమ్మ అడుగుతున్నది."

"పెట్టుకొమ్మనుండ్రి. పెద్దమ్మకు నా దండం చెప్పుండ్రి."

ఐదింటికి పది నిమిషాల ముందు రెండు పాఠాలూ వెళ్లాయి. అందాయని దీప ఒక్క మాట రాసింది. తర్వాత ఇంకో మాట రాసింది, సోమవారం కూడా రెండు పంపిస్తానని.

శనివారం గ్లోరియా ఒక పాఠం తీసుకుంది. నల్ల పెట్టె తెరిచే ఉంచింది. గ్రూపులో భూపాల్, యమునతో పాటు ఇంకా పదిమంది దాకా వచ్చి కూర్చున్నారు. మూడు దాటాక సైరన్ మోగింది. జాడీ దించడానికి శాంతిరాజ్ ఇంకా ఇల్లు చేరలేదు, సువార్తకు చెయ్యి అందదు. గ్లోరియా లేవలేదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని నల్ల పెట్టె వైపు చూస్తూ కూర్చుంది.

నేల ఊగింది. వంటింట్లో జాడీ పడి పగిలింది.

"ఏమైందండి?" అని యమున అడిగింది.

గ్లోరియా ఫొటో తీసి పంపింది. నల్ల పెట్టెలో కొత్త వరుస ఏదీ రాలేదు.