స్పీడు పెంచిన రోజు

నా మరిదిని ఇంట్లో అందరూ స్పీడు అంటారు. అన్నం నమలడు, మింగుతాడు. మెట్లు దిగడు, దూకుతాడు. బీమా ఆఫీసులో ఉద్యోగం. సెలవొస్తే చాలు, కంప్యూటర్లు విప్పదీసుకుని కూర్చుంటాడు. నేను కాపురానికి వచ్చేసరికి నిక్కర్లేసుకు తిరిగేవాడు, అందుకే నాకు వాడు ఇప్పటికీ వాడే. ఆ రోజు వాడు ఆఫీసు మానేసింది నా కోసం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత వాణ్ణి నానా మాటలూ అనబోతున్నాను.

నా పని ఇంకా కట్టని భవనాల్లోకి జనాన్ని నడిపించడం. కంప్యూటర్లో గదులు చేసి, తలుపు తీసుకుని లోపలికి వెళ్తున్నట్టు వీడియో ఇస్తాను. గీసేది ఒకరు, కట్టేది ఇంకొకరు, మధ్యలో రంగులు పూసే నా పేరు ఎక్కడా ఉండదు. మా అత్తయ్యకి ఇది 'ఆ బొమ్మల పని'. మా ఆయనకి కాలక్షేపం. ఇంట్లో స్పీడొక్కడే, "వదిన పనిలో ఉంది, టీవీ తగ్గించమ్మా" అంటాడు.

అలాంటిది ఆర్కిటెక్ట్ గారు ఒక పురిటి ఆసుపత్రి నా చేతిలో పెట్టారు. "లోపలంతా నీ ఇష్టమమ్మా. కమిటీకి నచ్చితే డిజైనర్‌గా నీ పేరే వేయిస్తా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు నేల మీద కాలు నిలవలేదు. తీరా ముందురోజు సాయంత్రం వరండా రంగు మార్చమన్నారు. మార్చేసరికి రాత్రంతా పట్టింది. కమిటీ మీటింగేమో మర్నాడు సాయంత్రం ఆరింటికి. తెల్లవారుతూనే లెక్క చూసుకుంటే, కంప్యూటర్ ఒక్కో బొమ్మా గీసుకుంటూ వీడియో మొత్తం తయారుచేసేసరికి రాత్రి ఏడున్నర అవుతుందని తేలింది.

నాణ్యత తగ్గిస్తే త్వరగా అవుతుంది. కానీ గోడల మీద వెలుగంతా పొక్కులు పొక్కులుగా వస్తుంది. పురిటి ఆసుపత్రి గోడలకి ఆటలమ్మ పోస్తే ఎవరు చేరతారు? పోనీ కాసేపు ఆగమని ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారేమో. అంతమంది డాక్టర్లని ఆపడానికి నేనెవర్ని? అడగడానికి నోరు రాలేదు.

"ఓవర్‌క్లాక్ చేద్దాం వదినా" అన్నాడు స్పీడు, పళ్ళు తోముకుంటూనే.

"అంటే?"

"ప్రాసెసర్‌కి కంపెనీవాళ్ళు ఒక వేగం పెట్టి పంపిస్తారు. దాని సత్తా అంతకంటే ఎక్కువే. మనం ఇంకాస్త పెంచుతాం, ఇంకాస్త వోల్టేజి ఇస్తాం, వేడెక్కకుండా చూసుకుంటాం. అంతే."

"పేలదు కదా?"

"పేలడమేంటి వదినా! మహా అయితే ఆగిపోతుంది."

"నాయనా, దానికి మహా అయితే అంటావేంట్రా!"

నవ్వాడు. నేనూ నవ్వాను, అదీ నా ఖర్మ. కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీసి, అత్తయ్య గదిలోంచి టేబుల్ ఫ్యాన్ ఎత్తుకొచ్చి దాని ముందు పెట్టాడు.

"కన్నతల్లికి లేని గాలి దానికెందుకురా?" అని గదిలోంచి అత్తయ్య.

ఒక మెట్టు పెంచాడు, బాగానే ఉంది. ఇంకో మెట్టు పెంచాడు, తెర నీలంగా మారి ఆగిపోయింది. వోల్టేజి కొంచెం ఎక్కించాడు, ఈసారి నిలబడింది గానీ వేడి సర్రున పైకి పోయింది. మళ్ళీ కొంచెం దించాడు. అలా ఎక్కిస్తూ దించుతూ చివరికి ఒకచోట కుదిర్చి, ప్రాసెసర్‌ని ఊపిరాడకుండా పని చేయించే పరీక్ష ప్రోగ్రాం పెట్టాడు. అరగంట నిలబడింది.

"నిజానికి ఇది రాత్రంతా నడపాలి వదినా. అరగంట నిలబడితే నిలబడినట్టు కాదు."

"రాత్రంతా నడుపుదాం. మీటింగు ఎల్లుండికి పెట్టుకుంటార్లే!"

వాడు పరీక్ష ఆపేశాడు. వీడియో మొదలుపెట్టాను. ఆరుకి పావుగంట ముందే అయిపోతుందని చూపించింది. ఇద్దరం చేతులు చరుచుకున్నాం.

ఇప్పుడు నా తెలివితేటలు వినండి. ఈ పనిలో బుద్ధున్నవాళ్ళు వీడియోని ఒకేసారి తీయరు. ఒక్కో బొమ్మనీ విడి ఫైలుగా దాచుకుని, చివర్లో అన్నీ కలిపి వీడియో చేస్తారు. మధ్యలో కంప్యూటర్ ఆగినా ఒక్క బొమ్మే పోతుంది. నేను మాత్రం మొదట్నుంచీ నేరుగా ఒకే వీడియోగా తీస్తాను. నా కంప్యూటర్ అప్పటిదాకా ఏనాడూ మధ్యలో ఆగింది లేదు మరి. ఆగే అవకాశం ఎంతుందో వాడికి తెలుసు. ఆగితే ఏం పోతుందో నాకు తెలుసు. ఒకరినొకరం ఒక్క మాట అడగలేదు.

ఇక చేసేదేముంది? కూర్చుని చూడటమే. తెర మీద ఒక మూల వేడి అంకె, ఇంకో మూల పూర్తయిన శాతం. అంకె ఒకటి పెరిగితే ఇద్దరికీ ప్రాణం గిలగిల్లాడేది. స్పీడు కిటికీలు తెరిచాడు, విసనకర్ర పట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనం కంచాలు ఒళ్ళో పెట్టుకునే తిన్నాం. ఆ పూట వాడు అన్నం నమిలి తిన్నాడు. అది చూసి నాకు మరీ భయం వేసింది. పిల్ల పురుడు పోసుకుంటుంటే గది బయట కూర్చున్నవాళ్ళలా ఉంది మా పరిస్థితి. లోపల ఏం జరుగుతోందో తెలియదు, తెలిసినా మా చేతుల్లో ఏమీ లేదు.

దాదాపు అయిపోవచ్చింది. ఐదు దాటింది. ఆర్కిటెక్ట్ గారికి పంపడానికి మెయిల్ కూడా రాసి పెట్టుకున్నాను. అప్పుడు వేడేమీ పెరగలేదు, చప్పుడేమీ రాలేదు. తెర నీలంగా మారింది.

"అయ్యో" అన్నాడు స్పీడు. తర్వాత వెంటనే, "పర్లేదు వదినా, మామూలు వేగానికి దించేస్తాను. ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి పెట్టుకో, కొంచెమే కదా మిగిలింది" అన్నాడు.

"అక్కణ్ణించి రాదు."

"రాకపోవడమేంటి?"

"ఒకే ఫైలు. తెరుచుకోదు. మొత్తం పోయింది."

వాడు విసనకర్ర కింద పెట్టేశాడు. నేను మాత్రం ఊరుకోలేదు. నిన్నెవడు రమ్మన్నాడన్నాను. నా కొంప ముంచావన్నాను. ఆఫీసుకి పోయుంటే నా బతుకు బాగుపడేదన్నాను. ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా నిలబడ్డాడు. అలా నిలబడ్డందుకు ఇంకో నాలుగు తిట్టాను. అత్తయ్య వచ్చి, నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూసి, "పోనీ ఆ బొమ్మలు ఫోన్లో ఫొటో తీసి పంపరాదటే అమ్మాయ్?" అంది. పాపం, ఆవిడ నా పని గురించి నాకొక సలహా ఇవ్వడం అదే మొదటిసారి. ఫొటోలు వాళ్ళు ఎప్పుడో చూశారనీ, ఈసారి నడిచి చూపించాలనీ చెప్పేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

స్పీడు అన్నీ మామూలుగా పెట్టేశాడు. మొదట్నుంచీ మొదలెట్టి చూస్తే రేపు తెల్లవారాక అవుతుందని చూపించింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఆర్కిటెక్ట్ గారు. స్పీడే స్పీకర్ నొక్కి నా ముందు పెట్టాడు.

"అమ్మా, కంగారు పడకు. పెద్ద డాక్టరమ్మకి అర్జెంటు కేసు పడిందట, మీటింగు ఎనిమిదిన్నరకి మార్చారు. నింపాదిగా పంపు."

ఎనిమిదిన్నర. పొద్దున దాని జోలికి పోకుండా వదిలేసి ఉంటే ఏడున్నరకి అయిపోయేది. నేను స్పీడు వైపు చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది, వాడూ అదే లెక్క వేసుకున్నాడని.

"అలాగేనండీ" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆయన పెట్టేశారు.

"అలా చెప్పావేంటి వదినా?"

"ఇంకేం చెప్పమంటావురా?"

వాడు ఫోన్ అందుకున్నాడు. "నేను చెప్తాను. మా వదిన తప్పేం లేదు, నేను చెడగొట్టానని చెప్తాను." ఇంత పొడుగు మనిషి కూర్చున్నచోటే సగమైపోయాడు. నాలో తిట్లన్నీ అయిపోయాయి. ఇంట్లో నా పనిని పని అన్న ఒక్కడు వీడే.

"ఇటివ్వు. నా పని, నేనే చెప్పుకోవాలి" అని తీసుకుని నంబరు నొక్కాను.

ఒక్క రింగుకే ఎత్తారు. పక్కన ఎవరితోనో, "ఇదిగో, చెప్పానా, మా డిజైనరమ్మ మాటంటే మాటే" అని, సంతోషంగా నన్ను అడిగారు:

"అప్పుడే పంపేశావా అమ్మా?"