ముందు క్యారియర్ మీద అద్దం

పెళ్లయి నెల దాటినా ఆత్మారాం తన ముఖం వైపు ఒక్కసారి కూడా నిండుగా చూడలేదని సుమిత్రకు బెంగ. ఇంటినిండా జనం. అన్నం వడ్డిస్తే ఆయన పళ్లెంతో మాట్లాడేవాడు, నీళ్లిస్తే చెంబుతో. నిజామాబాద్‌లో బి.ఏ. దాకా చదివిన పిల్ల, 'నేను నచ్చిన్నా?' అన్న ఒక్క మాట అడగలేకపోయింది.

పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు వాళ్ల బాపు ఆమెకు చెక్క చట్రం అద్దం కొనిచ్చాడు. దాన్ని రైల్లో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకొని, ఆత్మారాం వెంట బోధన్‌లో దిగింది. పోయేటప్పుడు ఆయన స్టేషన్ దగ్గర ఉంచి వెళ్లిన సైకిలుకు రెండు క్యారియర్లున్నాయి. ముందుది జొన్నల మూట పిండి గిర్నీకి మోయడానికని ఆత్మారాం ప్రత్యేకంగా బిగించుకున్నది.

హమాలీ బాలన్న అద్దాన్నీ సైకిల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎన్క జాగ మస్తుగున్నది సారూ. అద్దం ఎన్కకు కట్టుండ్రి. అమ్మ నడుస్తది."

"అమ్మ నడువది. అద్దం ముందట్నే," అన్నాడు ఆత్మారాం.

సుమిత్రకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ మాట కూడా ఆయన చేతిలోని తాడుతోనే అన్నాడు.

కింద గోనెసంచి మడిచి వేసి, అద్దాన్ని హ్యాండిల్‌కు ఆనించి, ముఖం రోడ్డు వైపుకు పెట్టి బిగించి కట్టాడు. సుమిత్ర వెనక క్యారియర్ మీద పక్కవాటుగా కూర్చుంది. కాలువ గట్టు ఎక్కేసరికి ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు ఎదురయ్యాయి. సాయంకాలపు ఎండ అద్దంలో పడి తిన్నగా ఎడ్ల కళ్లలో కొట్టింది. ముందు బండి ఎడ్లు కాళ్లు తన్నిపెట్టి నిలబడిపోయాయి.

"ఏం పట్టుకొస్తున్నరు సారూ, సూర్యున్నా?" అన్నాడు బండి తోలే పోశన్న. "గా అద్దం మొకం జర అటు తిప్పుండ్రి. లేకుంటే నా బండి కాల్వల ఉంటది."

వెనక బండివాడు అందుకున్నాడు. "ఆగు పోశన్నా, నీ ఎద్దు ముస్తాబు సూసుకుంటున్నది."

ఆత్మారాం దిగి, తాడు విప్పి, అద్దాన్ని తమ వైపుకు తిప్పి కట్టాడు. బండ్లు కదిలాయి. సైకిలూ కదిలింది.

కట్టు వదులైందేమోనని సుమిత్ర ఆయన చెయ్యి పక్కనుంచి తొంగి చూసింది. అద్దంలో కాస్త ఆకాశం, చెరకు తోట కొసలు, ఆయన ముఖం, దాని పక్కనే తన ముఖం. ఆయన చూపు తన మీదే ఉంది. పళ్లెం లేదు, చెంబు లేదు. రెప్ప కూడా వేయడం లేదు. పైగా పెదవుల చివర నవ్వు. సుమిత్ర చెంపలు వేడెక్కాయి. సైకిలు మెల్లగా కాలువ వైపు ఒరుగుతోంది.

"ముందుకు చూడుండ్రి," అంది.

"ముందుకే చూస్తున్న," అన్నాడు ఆత్మారాం.

బండి నుంచి జారిపడిన చెరకు గడ చక్రం కింద పడింది. సైకిలు రెండు మెలికలు తిరిగి గడ్డిలోకి దిగి ఆగింది. ఇద్దరూ కాళ్లు నేలకానించి నిలదొక్కుకున్నారు. అద్దం భద్రంగా ఉంది.

దూరం నుంచి పోశన్న గొంతు వినిపించింది. "ఎడ్లే ఆగుతయనుకున్న సారూ!"

ఆత్మారాం చెవులు ఎర్రబడ్డాయి. సైకిల్ని గట్టు మీదికి లాగి, ఆమె ఎక్కేదాకా ఆగి, పెడల్ మీద కాలు పెట్టాడు. నాలుగు బారలు పోయాక, వెనక్కి తిరగకుండా, మెల్లగా అన్నాడు.

"జర ఇటు వంగు. కనవడ్తలెవ్వు."

సుమిత్ర వంగింది.