లారీకి రెండో వైరు

నిచ్చెన మీంచి పడి నడుం పోయాక ఇళ్ళ వైరింగు పని మానేశాను. ఇరవై ఏళ్ళు చేసిన పని! ఇల్లు గడవద్దూ? మా బావమరిది డేనియల్ ఆటోనగర్లో తిరుపతిరావుగారి లారీ ఎలక్ట్రికల్ షాపులో మాట్లాడి పెట్టాడు. "ఇవాళ నీ పనితనం చూస్తా అంతోనీ, నచ్చితేనే ఉంచుకుంటా" అన్నారాయన మొహమాటం లేకుండా.

అక్కడో లారీ, కొత్త రంగేసుకుని మెరిసిపోతోంది. వెనక లైటు మాత్రం వెలగట్లేదు. పొద్దుట్నుంచీ ఇద్దరు మెకానిక్కులు బల్బు మార్చారు, ఫ్యూజు మార్చారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. నేను లైటు విప్పి చూద్దును కదా, ఒక్కటే వైరు!

"ఏవండీ, రెండోది ఏదీ?"

"ఏ రెండోది?" అన్నారు తిరుపతిరావుగారు.

"కరెంటు లైటుకి వెళ్ళింది సరే, తిరిగి బ్యాటరీకి రావద్దూ?"

"బాడీలోంచి వస్తుందయ్యా. లారీ ఇనుమే నీ రెండో వైరు."

నాకు బుర్ర తిరిగిపోయింది. ఇనుమంతా కరెంటైతే, దాని మీద చెయ్యేసి నిలబడ్డ ఈయనకి షాకెందుకు కొట్టట్లేదు? అదే అడిగితే "బ్యాటరీ కరెంటుకి షాకేంటి, నీ మొహం!" అని విసుక్కున్నారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

నాకు ఒళ్ళు మండింది. ఇనుమూ లేదు గినుమూ లేదు, నా సంచిలోంచి ఇళ్ళల్లో కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్‌కి వాడే నల్ల వైరు తీసి, లైటు నుంచి బ్యాటరీ దాకా లాగి బిగించాను. లైటు ఠక్కున వెలిగింది.

"లారీకి న్యూట్రల్ లాగినవాణ్ణి నిన్నే చూశానయ్యా! పీకెయ్!" అని కేకలేశారు తిరుపతిరావుగారు. మెకానిక్కులు పడీ పడీ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. పని పోయినట్టేననుకుంటూ వైరు పీకాను. లైటు ఆరిపోయింది.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన వంగి, లైటు బోల్టు విప్పి, దాని కింద కొత్త రంగుని గరుకు కాగితంతో గీకి, మళ్ళీ బిగించారు. ఈసారి నా వైరు లేకుండానే వెలిగింది.

"రంగు అడ్డమొచ్చి బోల్టు ఇనుముకి తగల్లేదురా వెధవల్లారా! ఇతను వైరు లాగబట్టి తెలిసింది" అని మెకానిక్కుల మీద విరుచుకుపడ్డారు. నా వైపు తిరిగి "రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు.

రోడ్డు మీదకొచ్చి మా ఆవిడ శౌరమ్మకి ఫోన్ చేశాను. "పని దొరికిందే."

"ప్రభువా, నీకు స్తోత్రం! ఇంతకీ ఏం చేశారేంటి?"

"తప్పు చేశానే" అన్నాను.

అవతల ఆవిడ నవ్విందో, ఏడ్చిందో, అదీ అర్థం కాలేదు.