ఒకటి తీసేస్తే

ఆ సంఖ్యకు నూట ఎనభై అంకెలు. అది ప్రధాన సంఖ్య కాదని ఎప్పుడో తేలిపోయింది. కానీ దేనితో భాగిస్తే శేషం లేకుండా పోతుందో ఎవరికీ అంతుపట్టలేదు. గురువుగారు కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ దాని వెంటే పడ్డారు. రిటైరయ్యేటప్పుడు "ఇక నా వల్ల కాదు, నువ్వు చూడమ్మా" అని, అప్పటికే అక్కడ లెక్కల లెక్చరర్‌గా చేరిన తన శిష్యురాలికి అప్పగించారు.

ఆమె భర్త దాన్ని "నా సవతి" అనేవాడు. "ఏమంటోంది ఇవాళ నా సవతి?" అని అడిగితే మొదట్లో నవ్వేది. రానురాను ఆ నవ్వుకూ ఓపిక చాల్లేదు. ఇంటిపని, పాఠాలు, మళ్ళీ ఇంటిపని. మధ్యలో సందు దొరికితే లాబ్‌లో పాత కంప్యూటర్ ముందు కూలబడి, గురువుగారిది కాక వేరే పద్ధతిలో దాన్ని వెతికించేది.

ఓ మధ్యాహ్నం జవాబు పత్రాలు దిద్దుతూ తలెత్తి చూసేసరికి తెర మీద నలభై అంకెల సంఖ్య ఒకటి కనిపించింది. దానితో భాగించి చూసింది. శేషం సున్నా. మళ్ళీ చూసింది. సున్నాయే. ఈ రోజు వస్తే ఎగిరి గంతేస్తాననుకుంది ఇన్నాళ్ళూ. తీరా వచ్చాక, నడుం లాగేస్తోందన్న సంగతి తప్ప మరేమీ తెలియలేదు.

అలవాటు కొద్దీ దానిలోంచి ఒకటి తీసేసింది. గురువుగారు నమ్ముకున్న పద్ధతి అదే: ఒకటి తీసేశాక మిగిలేది చిన్నచిన్న ముక్కలుగా విడిపోతేనే ఆ దారిలో కారణాంకం చిక్కుతుంది. ఇది రెండుతో ఒక్కసారి భాగించగానే ఆగిపోయింది. ఆ మిగిలిన సగం ప్రధాన సంఖ్య. అంటే ఆయన ఇంకో జన్మెత్తి వెతికినా దొరికేది కాదు.

ఈ మాట ఆ పెద్దాయనకు ఏ నోటితో చెప్పను, అనుకుంటూనే వాళ్ళింటికి వెళ్ళింది.

గురువుగారి భార్య తలుపు తీసింది. "రా తల్లీ, మెలకువగానే ఉన్నారు."

మంచం మీద మనిషి సగమైపోయారు. కబురు వినగానే కళ్ళు మాత్రం ఎప్పటిలాగే వెలిగాయి. రెండో ప్రశ్నకే ఆమె భయపడిన చోటికి వచ్చేశారు.

"ఒకటి తీసేసి చూశావా?"

"చూశానండీ."

"ఊఁ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆయనతో లెక్కల్లో అబద్ధమాడటం చేతకాలేదు. "రెండూ, ఇంకో ప్రధాన సంఖ్యా. అంతేనండీ. మీ దారిలో అది దొరికేది కాదు."

ఆయన దిండు మీద తల ఆమె వైపు తిప్పారు.

"అయితే నేనెక్కడా తప్పు చెయ్యలేదన్నమాట."

"లేదండీ."

"దారిలో ఎక్కడో ఓ అంకె జారవిడిచాననుకున్నానే! ఎన్నిసార్లు మొదటికొచ్చానో..." మాట పూర్తి కాకుండానే రెప్పలు వాలిపోయాయి. ఊపిరి నిదానంగా ఆడుతోంది.

"మొన్న కూడా అదే పలవరింత," అంది భార్య గొంతు తగ్గించి. "పాపం, తప్పంతా తనదే అనుకుని నలిగిపోయారమ్మా ఇన్నేళ్ళూ. కూర్చో, మంచినీళ్ళు తెస్తాను."

ఆవిడ గ్లాసుతో తిరిగి వచ్చేసరికి శిష్యురాలు కూడా కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతోంది. ఆవిడ లేపలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, కిటికీ రెక్క దగ్గరగా వేసింది.