పున్నమ్మ తోట చుట్టూ పసుపు రాళ్ళు

చాట్రాయి రోడ్డులో పున్నమ్మగారి మామిడితోట తొమ్మిదెకరాలు. ఆ తోట ప్లాట్లయిపోకుండా ఆపడానికి కమల రెండేళ్ళు తిరిగింది. తిరగడమంటే మాటలు కాదు. మనిషి గడప తొక్కితే ఉప్మా పెట్టందే పున్నమ్మగారు నోరు విప్పదు. ఆ ఉప్మాలో ఉప్పుంటే జీలకర్ర ఉండదు, రెండూ ఉంటే అడుగంటుతుంది. అంత ఉప్మా తిన్నాక, మొన్న మాఘమాసంలో ఆవిడ సరేనంది.

కమల పనిచేసే ట్రస్టు ఆఫీసు నూజివీడులో పురుగుమందుల కొట్టు పైన మేడగది. పాత తోటలూ వాగులూ రియల్ ఎస్టేటు పాలబడకుండా రైతులతో పాతికేళ్ళ ఒప్పందాలు రాయించుకోవడం వాళ్ళ పని. రైతు చెట్టు కొట్టకూడదు, ప్లాట్లు వెయ్యకూడదు. దానికి బదులు ట్రస్టు నీటిగుంట తవ్విస్తుంది, కాయకి మంచి బేరం చూపిస్తుంది. చైర్మన్ లక్ష్మీనరసింహారావుగారు విజయవాడలో ఉంటారు, సభల్లో మాట్లాడతారు. మిగతాదంతా కమలా, జీపు నడిపే జోజిబాబూ. కొలతలు, కాగితాలు, కరెంటు బిల్లు, రైతుల ఇళ్ళలో పెళ్ళికెళ్ళి పప్పుచారు బావుందనడం, అన్నీ ఆ ఇద్దరే.

పున్నమ్మగారి తోటలోంచి వాగు పోతుంది. ఆ తోట ప్లాట్లయితే వాగు పూడుస్తారు, దిగువనున్న నలుగురి తోటలూ ఎండుతాయి. ఆ నలుగురూ "పున్నమ్మ సంతకం పెడితే మేమూ పెడతాం" అని కూర్చున్నారు. పున్నమ్మగారేమో ఒక్క షరతు పెట్టింది.

"ముందు హద్దు రాళ్ళు పాతించు. పక్కవాడు ఏటా ఒక చాలు లోపలికి దున్నుతున్నాడు. రాళ్ళు పడ్డాకే సంతకం."

సోమవారం సంతకం అనుకున్నారు. హనుమాన్ జంక్షన్‌లో సిమెంటు రాళ్ళు పోసే గోపాలకృష్ణకి కమల ఫోన్ చేసింది. "హద్దు రాళ్ళండీ, మామూలువే, ముప్పై రెండు. మనుషుల్ని పంపించి పాతించడం కూడా మీదే." శనివారం ఆయన మనుషులొచ్చి పాతేసి వెళ్ళారు. ఆ రోజు జీపు మెకానిక్ దగ్గరుండబట్టి కమలగానీ జోజిబాబుగానీ అటు పోలేదు.

ఆదివారం పొద్దున్నే కమల దోసెలు పోస్తుంటే పెద్దాడపడుచు ఫోను.

"చాట్రాయి రోడ్డులో మీవాళ్ళు వెంచరు వేశారంటగా కమలా. ఎంత గుట్టుగా ఉంచావు. తూర్పు ముఖం ప్లాటొకటి నాకు చెప్పు."

"వెంచరేంటి వదినా, మేం వెంచర్లు వద్దనే వాళ్ళం."

"సరేలే, బయటివాళ్ళకి అలాగే చెప్పు."

కమల దోసె పెనం మీదే వదిలేసి జోజిబాబుని పిలిచింది.

తోటకి అరమైలు ఇవతలే జీపు ఆగిపోయింది. రోడ్డుకి రెండువైపులా కార్లు. చెరుకురసం బండి కూడా వచ్చేసింది. దిగి నడిచి వెళితే, తోట చుట్టూ తెల్లటి రాళ్ళు, వాటికి పసుపు తలలు, ఒంటిమీద నల్లరంగుతో ఒకటి నుంచి ముప్పై రెండు దాకా నంబర్లు. రాయికీ రాయికీ మధ్య రంగురంగుల జెండాలు రెపరెపలాడుతున్నాయి.

"ఇవి మన రాళ్ళేనంటారా మేడమ్?" అన్నాడు జోజిబాబు.

కమల గోపాలకృష్ణకి ఫోన్ చేసింది. "రాళ్ళమీద ఆ నంబర్లేంటండీ?"

"ప్లాటు నంబర్లండీ. నంబర్లకి వేరే తీసుకుంటాం. మీరేదో మంచిపని చేసేవాళ్ళని ఊరికే వేయించాను. జెండాలు కూడా నా తరఫునే."

"ప్లాట్లని ఎవరన్నారండీ మీతో?"

"ఇన్నేళ్ళుగా రాళ్ళు పోస్తున్నానండీ, ప్లాట్లకి తప్ప రాయి అడిగిన మనిషిని చూళ్ళేదు. మీరేగా మామూలువే అన్నారు."

ఆయన తప్పేముంది. ఈ చుట్టుపక్కల భూమిలో రాయి పడిందంటే అది ప్లాటే. అక్కడికొచ్చిన జనం కూడా అంతే. రాళ్ళన్నీ తోట అంచునే ఉన్నాయి, మధ్యలో రోడ్డు గీసిన గుర్తు కూడా లేదు. ఆ సంగతి ఒక్కళ్ళూ చూడలేదు. తలో రాయి దగ్గర నిలబడి, బస్సులో సీటుకి వేసినట్టు రాయి మీద చేతిరుమాలు వేసేశారు. పద్నాలుగో నంబరు దగ్గర ఒక మేస్టారూ భార్యా సెల్ఫీ తీసుకుంటున్నారు.

"ఇవి ప్లాట్లు కాదండీ, తోట అమ్మకానికి లేదండీ" అని కమల గొంతు చించుకుంది.

"మొదటిరోజు అలాగే అంటారు" అన్నాడొకాయన పక్కాయనతో.

"తెలిసినవాళ్ళకి ముందిచ్చి, తర్వాత బయటపెడతారు" అన్నాడు పక్కాయన. "గజానికి ఇంకో ఐదొందలు వేసుకుందాం."

జోజిబాబు కూడా ఒకసారి అరిచి చూశాడు. దాంతో ఇంకో ఐదొందలు పెరిగింది.

"మేడమ్, ఇంక మనం మాట్లాడకూడదు" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "మనం కాదన్నకొద్దీ రేటు లేస్తోంది."

పున్నమ్మగారు తోట ఆ చివర పెద్ద చిన్నరసం చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో చెరుకురసం. పక్కన ఆవిడ అన్నకొడుకు కృష్ణకాంత్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. నూజివీడులో రియల్ ఎస్టేటు వ్యాపారం అతనిది. వాళ్ళ వెనక ఎవరి పిల్లలో పిందెలు తెంపుకుని, "ఉప్పూ కారం ఉందా అమ్మమ్మా?" అని అడుగుతున్నారు.

"గజం ఎంతంటున్నారో విన్నావా కమలా?" అంది పున్నమ్మగారు.

"విన్నానండీ. రాళ్ళవాడు పొరపాటున..."

"అది తెలిసిందిలే. ఎకరానికి గజాలెన్ని?"

కమలకి అబద్ధం చెబుదామనిపించింది. కానీ పనే కొలతలాయె. "నాలుగువేల ఎనిమిదొందల నలభై" అంది.

పున్నమ్మగారు కళ్ళు మూసుకుని పెదాలు కదిలించింది. లెక్క ఎక్కడో చెయ్యి దాటిపోయింది. కళ్ళు తెరిచి చెరుకురసం గుక్కెడు తాగింది.

"మాటిచ్చాను, కాదనను. కానీ ఇచ్చినప్పుడు నాకీ రేటు తెలీదుగా."

"అద్గదీ అత్తా" అన్నాడు కృష్ణకాంత్.

వాగు గురించీ, దిగువ తోటల గురించీ కమల రెండేళ్ళుగా చెప్పాల్సిందంతా చెప్పేసింది. కొత్తగా చెప్పడానికేం మిగల్లేదు. "తోట మీదండీ. మీ ఇష్టం" అంది.

అంతలో కృష్ణకాంత్ పిలిపించిన పెద్ద పార్టీ వచ్చింది. తోట మొత్తం కొనేసే పార్టీ. వెంట తమ సిద్ధాంతిని తెచ్చుకున్నారు, సీతారామాంజనేయులుగారని, చేతిలో దిక్సూచి. ఆయన వచ్చీ రాగానే పున్నమ్మగారి తలమీద కొమ్మలు చూసి నిట్టూర్చారు.

"ఈశాన్యంలో ఇంత బరువా తల్లీ. ఇది ఉన్నంతకాలం ఈ భూమి మగదిక్కుని నిలవనివ్వదు. మీవారు..."

"పోయారు."

"చూశారా మరి."

"మా ఆయన పోయింది రోజుకి రెండు కట్టలు బీడీలు కాల్చి. చెట్టేమన్నా అంటించి ఇచ్చిందా?"

"అత్తా, పెద్దాయన శాస్త్రం చెబుతున్నారు" అన్నాడు కృష్ణకాంత్. "మిషను పెట్టి కోయించేస్తాను, వేళ్ళతో సహా. నీకు శ్రమే ఉండదు."

"ఏ చెట్టురా?"

"ఇదే అత్తా."

"చిన్నప్పుడు చొక్కానిండా రసం కార్చుకుని మీ అమ్మచేత తన్నులు తిన్నావే, అది ఏ చెట్టు కాయ?"

కృష్ణకాంత్ గొంతు తగ్గింది. "ఇదే అత్తా."

పున్నమ్మగారు గ్లాసు కింద పెట్టింది. అరుస్తుందనుకుంది కమల. అరవలేదు. గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం కమల ఇదివరకు ఒకసారి చూసింది, పక్కతోటవాడి విషయంలో. ఆ తర్వాత నెల్లాళ్ళు వాడు ఈ దారిన రాలేదు.

"సిద్ధాంతిగారూ, ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగండి. ఇంత విద్య పెట్టుకుని ఒక్క చెట్టు చూసి వెళ్ళిపోతే ఎలాగండీ. పాపం వాళ్ళంతా తలో రాయి పట్టుకుని నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళదీ చూసిపెట్టండి, పుణ్యముంటుంది."

కృష్ణకాంత్ లేచి నిలబడ్డాడు. "వద్దత్తా."

"నువ్వుండరా."

సిద్ధాంతిగారు నిక్కచ్చి మనిషి, శాస్త్రం దగ్గర మొహమాటం లేదు. పైగా మజ్జిగ బావుంది. దిక్సూచి పట్టుకుని ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టారు, జనం వెంటపడ్డారు. ఒకటికి వీధిపోటు. ఆరుకి నైరుతిలో వాగు, డబ్బు నిలవదు. తొమ్మిదికి దక్షిణం పల్లం. పద్నాలుగు దగ్గర ఆయన "ఆగ్నేయం పెరిగింది, ఇంటి ఇల్లాలికి..." అంటుండగానే మేస్టారి భార్య రాయి మీది రుమాలు లాక్కుంది. ముప్పై రెండూ చూశారాయన, ఒక్కటీ వదల్లేదు. ఆటోలో వచ్చి దిగిన పెద్దాడపడుచు ఆ మాటలు కాస్త విని, "ఇవి ప్లాట్లే కాదండీ, మా కమల నాకు పొద్దున్నే చెప్పింది" అని అందరికీ వినబడేలా అనేసి అదే ఆటో ఎక్కింది.

పొద్దు వాలేసరికి రోడ్డు ఖాళీ అయింది. పెద్ద పార్టీ "దోషం లేని చోటు చూడవయ్యా" అని కృష్ణకాంత్ మీద విసుక్కుని కారెక్కింది. వాళ్ళని బుజ్జగిస్తూ అతనూ ఎక్కాడు. సిద్ధాంతిగార్ని ఎక్కించుకోవడం అందరూ మర్చిపోయారు.

"కాగితాలు జీపులో ఉన్నాయా?" అంది పున్నమ్మగారు.

"ఉన్నాయండీ. రేపు చైర్మన్‌గారు వస్తారు, ఆయన చేతుల మీదుగా..."

"రేపటికి నా బుద్ధెలా ఉంటుందో నాకే నమ్మకం లేదు. ఆ రేటు ఇంకా చెవిలో మోగుతోంది. ఇప్పుడైతే కోపంగా ఉన్నాను. అది చల్లారకముందే పట్రా."

జోజిబాబు పరుగెత్తాడు. ఒక సాక్షి అతనే. రెండో సాక్షికి సిద్ధాంతిగారు తప్ప మనిషి లేడు.

"ఇన్ని దోషాలున్న భూమికి మీరు సాక్షి సంతకం పెట్టొచ్చాండీ?" అని కమల భయంగానే అడిగింది.

"దోషం ఇల్లు కట్టేవాడికమ్మా. చెట్టుకి ఏ దిక్కయితేనేం. తొందరగా కానివ్వండి, రాహుకాలం వచ్చేస్తోంది."

పున్నమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి పేజీ కింద పేరు అక్షరం అక్షరం దిద్దినట్టు రాసింది. చివరి పేజీ దగ్గర పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది. పున్నమ్మగారు సంతకం చేసి, పెన్ను మూత పెట్టి ఇచ్చేసింది.

"పడుకున్నప్పుడు ఆ గజాల లెక్క గుర్తొస్తుంది నాకు" అంది. "వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి నిన్ను తిడతాను. పాతికేళ్ళూ."

"తిట్టండి పున్నమ్మగారూ. ఎత్తుతాను."

సిద్ధాంతిగార్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరారు. జీపు నూజివీడు చేరకముందే మొదటి ఫోను వచ్చింది. కమల ఎత్తింది.