సరంగు డబ్బాలో ఫోను

"వదినా, వీపు మీద ఆ కాలిన మచ్చ చిన్నప్పటిదా?" అని అడిగాడు బాబి. మా ఆయన వెళ్ళే బోటులోనే కళాసి. నిజాంపట్నం రేవులో ఎండుచేపలు తిరగేస్తున్న నా చేతులు ఆగిపోయాయి. ఆ మచ్చ నా జాకెట్టు కింద ఉంటుంది. మా అమ్మకీ మా ఆయనకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. బాబి నాలుక కరుచుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి మా ఆయన శివనాగరాజును నిలదీశాను. నేను స్నానం చేస్తుంటే తడిక సందులోంచి ఫొటో తీశాడట! గోడలకు చెవులుంటాయంటారు, మా ఇంట్లో తడికకు కళ్ళున్నాయి. "నా పెళ్ళానివేగా. నేనెవరికన్నా పంపానా ఏంటి?" అన్నాడు. నిజమే, పంపలేదు. బోటెక్కగానే అందరి ఫోన్లూ తడవకుండా బోటు నడిపే సరంగు తన డబ్బాలో పెడతాడు. దారి చూడటానికి ఎవరి ఫోనులో ఛార్జింగుంటే అది తీస్తారు, అందుకే ప్రతి ఫోను లాకూ అందరికీ తెలుసు. అది తెలిసీ నన్ను ఆ డబ్బాలో పెట్టి సముద్రం మీద తిప్పాడు. "నీళ్ళ మీద వారాలు ఉండే మగోడు పెళ్ళాం బొమ్మ చూసుకున్నాడు. సంతోషించక రచ్చ దేనికే? ముందు వాడికి అన్నం పెట్టు," అంది అత్త అంకాలమ్మ. పెట్టాను. నా మీద నాకే అసహ్యమేసింది. ఆ రోజు నుంచి చీర కట్టుకునే నీళ్ళు పోసుకుంటున్నాను. పుట్టింటికి పోదామంటే మా అన్న పనికెళ్ళేదీ అదే బోటు. మూడు వారాలుగా అన్న నా మొహం చూడటం లేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇవాళ ఆయన వల బాగుచేసుకోవడానికి వెళ్ళగానే, ఛార్జింగులో ఉన్న ఫోను తీసుకుని రేపల్లె బస్సెక్కాను.

"పంపకపోయినా, నిన్ను అడక్కుండా తీయడమే తప్పమ్మా. మొగుడైతే మాత్రం?" అంది స్టేషన్లో కానిస్టేబుల్ ప్రమీలారాణి. గొంతు తగ్గించింది. "కానీ సాక్ష్యం ఇదే. పరీక్షకి వెళ్తది, మా సార్ చూస్తారు, రేపు కోర్టులో చూస్తారు. ఆలోచించుకున్నావా?"

అంటే ఇంకొంతమంది చూస్తారు. బయటపడాలన్నా మళ్ళీ వాళ్ళందరి ముందు నుంచే నడవాలన్నమాట. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "రాసుకోండి," అన్నాను.

ఫోను కవర్లో పెట్టి సీలు వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఒక్కసారి ఇటివ్వండి మేడమ్. బోటు మీద అందరూ చూశారు. నేనొక్కదాన్నే ఇంకా చూడలేదు."